వాల్టు డిస్నీగారి పెరటి రైలుమార్గము

పేరు పొందినవారి జీవితములను చదువునపుడు వారు సాధించిన గొప్ప కార్యములనే సాధారణముగా మనము గమనింతుము. కాని మనుష్యుని స్వభావము, అతడు జీతము కొరకుగాని కీర్తి కొరకుగాని గాక కేవలము తన సంతోషము కొరకు చేయు పనులయందే యెక్కువగా బయలుపడునని మా యభిప్రాయము. బొమ్మల చలనచిత్రములను నిర్మించి భూమండలమంతట పిల్లలకును పెద్దలకును ప్రియుడైన వాల్టు డిస్నీగారి పేరు మన విద్యార్థులలో విననివారుండరు. మిక్కీ యను చిట్టెలుకను చూచి నవ్వని బాలుడు గలడా? అయితే ఆ డిస్నీగారు తమ యింటి పెరటిలో చిన్న రైలుమార్గమును వేసికొనిన సంగతియు, అందుకై యెవరెవరి సహాయము నెట్లు కోరిరో ఆ సంగతియు, తుదకు దానిని ఏల మూసివేసిరో ఆ సంగతియు మనలో అనేకులకు తెలియదు. ఆ వృత్తాంతమును ఈ సంచికలో మన చదువరుల ముందుంచుచున్నాము.

బాల్యము

డిస్నీగారు 1901వ సంవత్సరము డిశెంబరు 5వ తేదీన అమెరికా దేశమందలి చికాగో నగరమున జన్మించిరి. తండ్రి పేరు ఇలయస్. తల్లి పేరు ఫ్లోరా. తండ్రి వడ్రంగము నెరిగినవాడు, దైవభక్తి గలవాడు. తాను సభ్యుడుగా నున్న సెయింట్ పాల్ కాంగ్రిగేషనల్ సంఘమువారి దేవాలయమును కట్టుటలో ఆయన స్వయముగా పాటుపడెను. ఆ సంఘమునకు బోధకులైన వాల్టర్ పార్‌గారి పేరునే ఈ బిడ్డకు పెట్టిరి.

1906వ సంవత్సరమున ఆ కుటుంబము నగరమును విడిచి మిస్సౌరీ రాష్ట్రములోని మార్సెలీన్ అను చిన్న యూరికి పోయి వ్యవసాయము చేయసాగెను. ఆ యూరు రైలువలననే పుట్టినది. శాంటాఫే రైలుకంపెనీవారు 1888వ సంవత్సరమున తమ దారిలో నొక మజిలీగా దానిని స్థాపించిరి. వాల్టు బంధువర్గములోని మైక్ మార్టిన్ అను నాయన ఆ కంపెనీలో ఇంజను నడుపువాడు. పొలమునకు సమీపముననే పొగ విడుచుచు పోవు బండ్లును, వాటిని నడుపు చుట్టపు గౌరవమును ఆ బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసెను. తరువాతి కాలమున ఆయన యెంత ధనవంతుడైనను, మార్సెలీన్‌లో గడపిన యా నాలుగైదేండ్లనే తన జీవితములో మిక్కిలి సుఖమైన దినములుగా తలంచుచుండెను.

ఆ సుఖము నిలువలేదు. పొలమును అమ్మివేయవలసివచ్చెను. 1911వ సంవత్సరమున ఆ కుటుంబము కాన్సస్ సిటీ చేరెను. అచ్చట తండ్రి వార్తాపత్రికలను ఇంటింట పంచు పనిని తీసికొనగా, వాల్టును అతని యన్న రాయ్‌యు తెల్లవారకమునుపే లేచి, మంచు కురియు దినములందు సైతము వీధులు తిరిగి పత్రికలు వేసి, పిమ్మట బడికి పోవుచుండిరి. వాల్టు ఈ పనిని సుమారు ఆరు సంవత్సరములు చేసెను. 1917వ సంవత్సరపు వేసవి సెలవులలో, పదునైదేండ్ల ప్రాయమున, అతడు రైలుబండిలో పత్రికలును పండ్లును మిఠాయిలును శీతల పానీయములును అమ్ము పనిలో చేరెను. వ్యాపారములో లాభము రాలేదు, నష్టమే మిగిలెను. అయినను ఇంజను నడుపువారితో స్నేహము చేసికొని, వారి ప్రక్కన నిలిచి ప్రయాణము చేయుటయే అతనికి గొప్ప లాభముగా తోచెను.

కార్యభారము

ఆ తరువాతి చరిత్ర లోకవిదితమే గావున సంగ్రహముగా చెప్పెదము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే డిస్నీగారు రెడ్‌క్రాస్ సంఘమువారి పక్షమున ఫ్రాన్సు దేశమునకు పోయి బండి నడిపిరి. 1923వ సంవత్సరమున కాలిఫోర్నియా చేరి, అన్నయైన రాయ్‌గారితో కలిసి బొమ్మల చిత్రములను తీయు సంస్థను స్థాపించిరి. 1925వ సంవత్సరమున లిలియన్ అను నామెను వివాహమాడిరి. 1928వ సంవత్సరమున మిక్కీ చిట్టెలుక శబ్దముతో కూడిన చిత్రమునందు లోకమునకు కనబడెను. 1937వ సంవత్సరమున స్నో వైట్ కథను పూర్తి నిడివి గల బొమ్మల చిత్రముగా ప్రదర్శించి ఆయన జనులను ఆశ్చర్యపరచిరి.

కాని కీర్తి వచ్చినంత మాత్రమున మనశ్శాంతి రాదు. 1941వ సంవత్సరమున చిత్రశాలలో పనివారి సమ్మె జరిగెను. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చి సంస్థను అప్పులపాలు చేసెను. యుద్ధము ముగిసిన తరువాత డిస్నీగారు మిక్కిలి అలసియుండిరి. పూర్వము పోలో ఆడునపుడు తగిలిన గాయపు నొప్పియు వారిని బాధించుచుండెను. చిత్రశాలలో రోగులను చూచు నర్సుగా నుండిన హేజెల్ జార్జి అను నామె, పనిని కొంతకాలము మరచి మనస్సునకు ఇష్టమైన వేరొక వ్యాపకమును చేపట్టవలసినదని వారికి బోధించెను. యజమాని కదాయని జంకక ఆమె మేలైన మాట చెప్పుటయు, ఉద్యోగిని మాట కదాయని త్రోసివేయక ఆయన దానిని చెవినిబెట్టుటయు రెండును మెచ్చదగినవే.

1948వ సంవత్సరమున చికాగో నగరమున గొప్ప రైలు ప్రదర్శనము జరిగెను. డిస్నీగారు తమ చిత్రకారులలో నొకరైన వార్డు కింబాల్‌గారిని వెంటబెట్టుకొని అచ్చటికి పోయిరి. పాతకాలపు ఇంజనులు పలువిధములవి అచ్చట నడుచుచుండెను. వాటిని చూచి తిరిగివచ్చునప్పటికి ఆయన ముఖమున మరల బాల్యపు కళ కనబడెనని చెప్పుదురు. తమ పెరటిలోను ఆవిరితో నడచు బండి యొకటి యుండవలెనను కోరిక వారిలో గట్టిపడెను.

సహాయము కోరుట

ఇచ్చట మన విద్యార్థులు ఒక సంగతిని శ్రద్ధగా గమనింపవలెను. డిస్నీగారు వందలకొలది మందికి యజమానులు. కావలెనన్న ఒక రైలుబండిని కొని తెప్పించుకొనవచ్చును. కాని వారు అట్లు చేయలేదు. తమకంటె ఆ విద్యను బాగుగా నెరిగినవారు తమ చిత్రశాలలోనే గలరని గ్రహించి, వారియొద్దకు తామే శిష్యులవలె పోయిరి.

పైని చెప్పిన కింబాల్‌గారు తమ పెరటిలో 3 అడుగుల వెడల్పు గల పట్టాలు వేసి, నిజమైన పాత ఇంజనునే నడుపుచుండిరి. ఆలీ జాన్‌స్టన్ అను మరియొక చిత్రకారుడు అడుగునకు 1 అంగుళము చొప్పున చిన్న ఇంజనును తయారుచేయించుచుండెను. డిస్నీగారు వీరిరువురి పనిని చూచి, ఏ పరిమాణము తమ స్థలమునకు తగునో ఆలోచించిరి. కింబాల్‌గారి ఇంజనువంటి దానికి మిక్కిలి విశాలమైన స్థలము కావలెను. జాన్‌స్టన్‌గారి దానికంటె కొంచెము పెద్దదైనచో పెద్దవారు సైతము సుఖముగా కూర్చుండి ప్రయాణము చేయవచ్చును. కావున నిజమైన బండిలో ఎనిమిదవ వంతు, అనగా అడుగునకు 1½ అంగుళము చొప్పున చేయుటకు నిశ్చయించిరి. లెక్కలయందు ప్రీతిగల విద్యార్థులు దీనిని సరిచూచుకొనవచ్చును. అమెరికాలోని పెద్ద రైలుపట్టాల నడుమ వెడల్పు 4 అడుగుల 8½ అంగుళములు, అనగా 56½ అంగుళములు. దానిని 8చే భాగించినచో 7 అంగుళములకు కొంచెము మించును. అందులకు దగ్గరగా డిస్నీగారి పట్టాల నడుమ వెడల్పు 7¼ అంగుళములుగా నేర్పడెను.

చిత్రశాలలోని యంత్రశాలకు అధికారియైన రోజర్ బ్రోగీగారు ఇంజను నిర్మించు భారమును వహించిరి. ఎడ్డీ సార్జెంట్ అను చిత్రలేఖకుడు కొలతలతో కూడిన పటములను వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దమున సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గమున నడచిన 173వ నంబరు ఇంజనును వారు మాదిరిగా తీసికొనిరి. దాని పటములను సదరన్ పసిఫిక్ కంపెనీవారు ఒసగిరి.

డిస్నీగారు కేవలము ఆజ్ఞలిచ్చి ఊరకుండలేదు. సాయంకాలములందు యంత్రశాలకు పోయి బ్రోగీగారివద్ద పనిముట్లను వాడు విధమును నేర్చుకొనిరి. ఇంజను ముందరి దీపమును, పొగగొట్టమును రేకుతో తామే చేసిరి. బండి చివరనుండు గార్డుపెట్టెను తమ చేతులతో కట్టి, దానిలోపల నిలుపు చిన్న పొయ్యిని సైతము అచ్చమైన పొయ్యివలె పోతపోయించిరి. ఆ పొయ్యి ముచ్చటగా నుండుటచే అటువంటివి మరికొన్ని చేయించి స్నేహితులకు బహుమానముగా నిచ్చిరి. చేతిపని చిన్నతనమని తలంచు బాలురు మన పాఠశాలలో ఎవరైన నున్నయెడల ఈ సంగతిని మరువకుందురుగాక.

స్థలమును, గృహిణితో ఒడంబడికయు

1949వ సంవత్సరమున డిస్నీగారు లాస్ ఏంజెల్స్ నగరమందలి హోంబీ హిల్స్ అను భాగమున, కారల్‌వుడ్ అను వీధిలో సుమారు 5 ఎకరముల స్థలమును కొనిరి. ఇల్లు కట్టుటకెంత ఆలోచించిరో రైలుదారికిని అంత ఆలోచించియే ఆ స్థలమును ఎన్నుకొనిరి. ఆ వీధి పేరునుబట్టియే తమ మార్గమునకు కారల్‌వుడ్ పసిఫిక్ అను నామకరణము చేసిరి.

పెరటిలో రైలుదారి వేయుట బొమ్మలాట కాదు. నేల యెచ్చట మిట్టగా నున్నదో యెచ్చట పల్లముగా నున్నదో ముందుగా కొలిచి తెలిసికొనవలెను. ఎక్కుడు నిటారుగా నున్నచో చిన్న ఇంజను చక్రములు పట్టాలపై జారును. వంపు మిక్కిలి బిగువుగా నున్నచో బండి పట్టా తప్పును. వాననీరు నిలుచుచోట నేల క్రుంగి పట్టాలు వంకరలు పోవును. ఇవన్నియు యోచించి మొదట కాగితముపై దారిని గీచి, తరువాతనే గడ్డపారను పట్టుకొనవలెను. డిస్నీగారి పటమున దారి చుట్టలు చుట్టలుగా తిరుగుచు మొత్తము 2,615 అడుగులు, అనగా అరమైలుకు కొంచెము తక్కువ నిడివి గలదయ్యెను. పల్లముగా నున్నచోట 46 అడుగుల పొడవుగల కొయ్యవంతెనను కట్టిరి. ఇరుగుపొరుగువారికి చికాకు కలుగకుండునట్లు ప్రక్కలయందు మట్టిగట్లు పోసి చెట్లు నాటించిరి. ఎవాన్స్ సోదరులైన జాక్, బిల్ అను తోటపని నిపుణులు ఆ తోటను తీర్చిరి.

అయితే గొప్ప చిక్కు ఇంటిలోనే యెదురయ్యెను. లిలియన్‌గారికి పూలతోట యనిన ప్రాణము. రైలుదారి ఆమె పూలమళ్లు వేయదలచిన చోటుననే పోవలసియుండెను. ఇంటి యజమానుడను గదాయని డిస్నీగారు బలవంతము చేయలేదు. పూలమళ్ల క్రిందుగా 90 అడుగుల సొరంగమును త్రవ్వించి, పైన పూలును క్రింద బండియు నుండునట్లు ఏర్పాటుచేసిరి. ప్రవేశించువారికి ఆవలి వెలుతురు కనబడకుండవలెనని ఆ సొరంగమును పామువలె వంపుగా త్రవ్వించిరి. తిన్నగా త్రవ్వినచో వ్యయము తగ్గునని పనిమేస్త్రి చెప్పగా, వ్యయమే చూచుకొన్నయెడల అసలు త్రవ్వకుండుటే అన్నిటికంటె చౌక యని ఆయన నవ్వుచు బదులు చెప్పిరట. అంతటితో తృప్తిపడక, తమ న్యాయవాదిచేత ఒక ఒడంబడికపత్రమును వ్రాయించి, ఇంటి భూమిమీదుగా రైలుదారి వేయుటకు సమ్మతి నిచ్చినట్లు భార్యచేతను, డయాన్, షారన్ అను ఇరువురు కుమార్తెలచేతను సంతకములు చేయించుకొనిరి. అది వినోదమునకు వ్రాయించిన పత్రమే యైనను, ఇంటనుండువారి సమ్మతి లేక తన యిష్టమును సాగించుకొనరాదను మర్యాద అందు కనబడుచున్నది. ఇంజనుకు లిల్లీ బెల్ అని భార్య పేరే పెట్టిరి.

బండి నడచుట

1949వ సంవత్సరము డిశెంబరు 24వ తేదీన, క్రిస్మసు పండుగ ముందటి దినమున, చిత్రశాలలో తాత్కాలికముగా వేసిన పట్టాలపై లిల్లీ బెల్ మొదటిసారి ఆవిరితో నడచెను. 1950వ సంవత్సరము మే నెల 7వ తేదీన ఇంటి పెరటి దారిపై పరుగెత్తెను. అది బొగ్గుతో మండి, నీటిని కాచి, ఆవిరిబలముచే కదలు నిజమైన ఇంజను. దాని వెనుకనున్న బొగ్గుబండిపై డిస్నీగారు కూర్చుండి నడుపుచుండగా, అతిథులును పిల్లలును వెనుకటి చిన్న పెట్టెలపై గుఱ్ఱమునెక్కినట్లు కూర్చుండి సొరంగముగుండను వంతెనమీదుగను పోవుచుండిరి. దారి మార్చు పట్టాలను త్రిప్పుటకు కొయ్యతో ఒక కొట్టమును కట్టి అందులో మీటలను అమర్చిరి. ఆ కొట్టము మార్సెలీన్‌లో తండ్రి పొలమునందుండిన కొట్టమును పోలియుండెను. ఆదివారములందు ఆ తోట పిల్లల నవ్వులతో నిండియుండెడిది.

ఆపద

ఇట్లు మూడు సంవత్సరములు గడచెను. 1953వ సంవత్సరమున ఒకనాడు అతిథి యొకరు బండిని నడుపుచు వంపువద్ద వేగమును తగ్గింపనందున బండి పట్టా తప్పెను. ఆ తాకిడికి ఆవిరి కూత విరిగి, దాని మొదటినుండి కాగిన యావిరి చిమ్మసాగెను. ఏమి జరిగెనో చూడవలెనని పరుగెత్తుకొని వచ్చిన అయిదేండ్ల బాలికకు ఆ యావిరి తగిలి కాళ్లు కాలెను.

డిస్నీగారు దీనికి మిక్కిలి నొచ్చుకొనిరి. తప్పు తమది కాదనవచ్చును, నడిపినవాడు వేరొకడు. గాయము మానిపోవునది యనవచ్చును. ఇకమీదట జాగ్రత్తగా నుందుమని చెప్పి కొంతకాలమునకు మరల బండిని నడుపవచ్చును. అటువంటి సాకులను చెప్పుకొనువారే లోకమున పెక్కుమంది. కాని ఆయన బండిని ఆపివేసి, లిల్లీ బెల్‌ను తీసి భద్రపరచిరి. ఆ పెరటిలో అది మరల తిరుగలేదు. తన చేతులతో రేకు కొట్టి, కొయ్య చెక్కి, పుష్కలముగా ధనము వెచ్చించి నిర్మించిన ప్రియవస్తువును ఒక పసిబిడ్డ బాధను తలంచుకొని విడిచిపెట్టుట సులభమైన కార్యము కాదు. డిస్నీగారి జీవితమునందు మిక్కిలి గొప్ప ఘట్టమేదియని మమ్ము అడిగినచో, బహుమానములందుకొనిన రాత్రులను గాక ఈ దినమునే మేము చూపుదుము.

ఫలము

విడిచిన వస్తువు వ్యర్థము కాలేదు. ఆ కాలముననే డిస్నీగారు తలిదండ్రులును పిల్లలును కలిసి వినోదింపదగిన యుద్యానవనమును గూర్చి యోచించుచుండిరి. తమ కుమార్తెలను ఆటస్థలములకు తీసికొనిపోయినప్పుడు పెద్దవారికి బల్లపై కూర్చుండుట తప్ప వేరు పని లేకుండుట ఆయనకు కొరతగా తోచెను. అనాహైమ్ అను నూరిలో 160 ఎకరముల నారింజతోటను కొని, 1954వ సంవత్సరమున పనిని ప్రారంభింపజేసి, సుమారు ఒక సంవత్సరములో ముగించి, 1955వ సంవత్సరము జూలై 17వ తేదీన డిస్నీలాండ్ అను పేరుతో తెరచిరి.

ఆ వనమును చుట్టి తిరుగు రైలుమార్గము పెరటి రైలుకు పెద్దబిడ్డయని చెప్పవచ్చును. బ్రోగీగారు లిల్లీ బెల్ పటములనే పెంచి, 3 అడుగుల వెడల్పుగల పట్టాలపై నడచునట్టి ఇంజనును తయారుచేసిరి. మొదటి ఇంజనులు రెండింటికి శాంటాఫే కంపెనీ స్థాపకుడైన హాలిడేగారి పేరును, దాని అధ్యక్షుడుగా నుండిన రిప్లేగారి పేరును పెట్టిరి. పెరటిలో ఇరుగుపొరుగుల కొరకు పోసిన మట్టిగట్టు ఇచ్చట బయటి ప్రపంచమును కనబడనీయని పెద్ద గట్టయ్యెను. పెరటితోటను తీర్చిన ఎవాన్స్ సోదరులే ఈ వనమును తీర్చిరి. పెరటిలో కొందరు స్నేహితులకే దొరకిన యానందము ఇప్పుడు లక్షలకొలది పిల్లలకు దొరకెను. బండిని నడుపుటయు తగిన శిక్షణ పొందినవారి పని యయ్యెను.

డిస్నీగారు 1966వ సంవత్సరము డిశెంబరు 15వ తేదీన, 65 సంవత్సరముల ప్రాయమున, ఊపిరితిత్తులలో పుట్టిన పుండువ్యాధిచే మృతినొందిరి. వారి పెరటిలోని కొట్టమును 1999వ సంవత్సరమున లాస్ ఏంజెల్స్‌లోని గ్రిఫిత్ ఉద్యానవనమునకు తరలించి, చిన్న ఆవిరిబండ్లను నడుపు సంఘమువారి స్థలమునందు నిలిపిరి. లిల్లీ బెల్ ఇంజను శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009వ సంవత్సరమున తెరువబడిన డిస్నీ కుటుంబ ప్రదర్శనశాలయందు చూపబడినది.

మనము నేర్చుకొనదగినది

ఈ చరిత్రను ముగించుటకు ముందు మన విద్యార్థులకు రెండు మూడు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము. మన యిండ్లలో రైలుమార్గము వేయుటకు స్థలమును ధనమును లేకపోవచ్చును. అయినను పెరటిలో నాలుగు కూరమళ్లు వేయదలచినను, అట్టముక్కలతో ఒక వంతెన బొమ్మను చేయదలచినను డిస్నీగారి పద్ధతి మనకు పనికివచ్చును. ముందుగా తెలిసినవారిని అడుగుము. అడుగుటలో చిన్నతనము లేదు. కొలిచి, గీచి, పిమ్మట పని ప్రారంభింపుము. నీ యిష్టమువలన ఇంటివారికి కష్టము కలుగునేమో విచారించి, వారి పూలమడిని కాపాడు త్రోవను వెదకుము. నీవు ప్రేమించు వస్తువువలన ఒక చిన్నవానికి హాని కలిగినయెడల, వస్తువును గాక చిన్నవానినే లెక్కింపుము.

తలిదండ్రులకును ఒక మనవి. బాలుడు ఇనుపముక్కలతోను కొయ్యముక్కలతోను ఆడుకొనుచున్నప్పుడు కాలము వృథా చేయుచున్నాడని వెంటనే కసరవలదు. మార్సెలీన్‌లో పొలముగట్టున నిలిచి పోవుబండిని చూచుచుండిన పిల్లవాని మనస్సులో ఏమి మొలకెత్తుచుండెనో ఆనాడు ఎవరెరుగుదురు?